అల్లుడుగారి జాకెట్టు

సంక్రాంతికి అల్లుడుగారు వస్తే మీ ఇంట్లో ఏం చేస్తారు? అరిసెలు వండుతారు, కొత్త బట్టలు పెడతారు, ఆయన నోరు తెరిచి అడక్కముందే ఏం కావాలో కనిపెట్టి అమరుస్తారు. మేమూ అంతే చేశాం. కానీ 2024 సంక్రాంతికి మా అల్లుడుగారు నన్ను కోరిన కోరిక మాత్రం, మీలో ఎవరినీ ఏ అల్లుడూ కోరి ఉండడు. అది పంచుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

భోగి నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన లోపలికెళ్లి ఓ పెద్ద సంచీ మోసుకొచ్చి, హాల్లో నా ఉషా మెషీను పక్కన దింపారు.

"అత్తయ్యగారూ, చిన్న కుట్టుపని ఉంది. నా జాకెట్టు కాస్త సరిచేసి పెడతారా?"

ముగ్గు డబ్బా కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు కిసుక్కున నవ్వారు. "అల్లుడుగారికి జాకెట్టేమిటమ్మా!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వాగలేదు. ముప్పై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో ఈ వీధి ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టిన చెయ్యి ఇది. మగపిల్లాడి జాకెట్టు ఇదే మొదటిసారి!

సంచీలోంచి తీస్తే అది నల్లటి, బరువైన కోటులాంటిది. చేతుల్లేవు. ఎక్కడ చూసినా బకిల్సు, గొట్టాలు, జేబులు. వీపు వెనక గట్టి ప్లాస్టిక్ పలక, దాని మీద ఓ వెడల్పాటి బెల్టు. సముద్రంలోపల ఈదేవాళ్లు సిలిండరు వీపున కట్టుకోవడానికి వేసుకునే జాకెట్టట. మా అల్లుడుగారు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తారు కానీ, సెలవు దొరికితే చాలు అండమాన్లకి పరిగెడతారు. ఒకప్పుడు హావ్‌లాక్ అనేవారే, 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, అక్కడికి. మా విశాఖలో రుషికొండ దగ్గరా దిగుతుంటారు. మనం పుష్కరాల్లో మూడు మునకలేస్తే గొప్ప. ఆయన ముప్పై మీటర్ల లోతుకి వెళ్లి చేపల్ని పలకరించి వస్తారు.

"ఇందులో ఒక్క సిలిండరే పడుతుంది అత్తయ్యగారూ. నేనిప్పుడు రెండు సిలిండర్లతో దిగడం నేర్చుకుంటున్నాను. వీపు మీద ఇంకో బెల్టు కుట్టేస్తే రెండోది కూడా పక్కన కట్టేసుకోవచ్చు. రెండు సిలిండర్ల కోసమే తయారైన సరంజామా కొనాలంటే లక్షకి దగ్గర అవుతుంది" అన్నారు.

మీరైతే ఏమంటారు? పండక్కి వచ్చిన అల్లుడు, నోరు తెరిచి అడిగిన కోరిక, అదీ ఓ బెల్టు కుట్టడం. "అదెంత పని బాబూ, రేపు పొద్దున్నకల్లా ఇచ్చేస్తాను" అనేశాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక లైటు కింద దాన్ని పరుచుకుని కూర్చున్నాను. కుట్టుపని చేసేవాళ్లకి ఓ అలవాటుంటుంది, చూడండి. ఏ బట్టయినా ముందు తిరగేసి చూస్తాం. నేనూ తిరగేశాను. చుట్టూ తడిమాను. తడుముతుంటే నా చెయ్యి ఆగిపోయింది.

మామూలు సంచీ అయితే పైన బట్ట, లోపల లైనింగు ఉంటాయి. ఇలాంటి జాకెట్లలో కొన్నింటికి అలాగే పైన గట్టి నైలాను బట్ట, లోపల విడిగా గాలితిత్తి ఉంటాయట. మా అల్లుడుగారి దానికి విడి తిత్తి లేదు. పైన కనిపించే బట్టే తిత్తి. లోపలివైపు రబ్బరులాంటి పూత పూసి, అంచుల్ని దారంతో కాకుండా వేడితో అతికించారు. గాలి నిలిచే మేర ఎక్కడా సూది పోటు లేదు. ఆయన నన్ను కుట్టమన్న బెల్టు సరిగ్గా ఆ మేరలోకే వస్తుంది.

పొద్దున్నే లేచి, "బాబూ, అసలు ఈ జాకెట్టు లోపలికెళ్లాక ఏం పని చేస్తుందో నాకు ముందు చెప్పండి" అన్నాను. పండగ పూట నూనె మూకుడు పొయ్యి మీదే ఉంది. ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చెప్పారు. చెప్పొద్దూ, నేను పూరీలు వేస్తూనే అర్థం చేసుకున్నాను.

పూరీ నూనెలో వెయ్యగానే అడుక్కి పోతుంది. పొంగగానే పైకి తేలుతుంది. బరువు పెరగలేదు, తగ్గలేదు. పరిమాణం పెరిగింది, అంతే. ఈ జాకెట్టూ అంతే. సిలిండరులోంచి ఓ మీట నొక్కి దీన్లోకి గాలి పంపిస్తే మనిషి పైకి లేస్తాడు. గాలి వదిలేస్తే కిందికి దిగుతాడు. కొంచెం కొంచెంగా సర్దుకుంటే మునగడు, తేలడు, నీళ్ల మధ్యలో గాలిపటంలా నిలబడతాడు. అలా నిలబడడమే ఈ విద్యలో అసలు మెళకువట. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యా అనే ఇద్దరు నీళ్లలో గాలి పీల్చే సాధనం తయారు చేసినప్పుడు ఈ జాకెట్లు లేవు. ఆ తర్వాత కొన్నేళ్లకి వచ్చాయి.

"మరి రెండు సిలిండర్లెందుకు?" అన్నాను.

"లోతుకి వెళ్లేకొద్దీ గాలి తొందరగా అయిపోతుంది అత్తయ్యగారూ. ప్రతి పది మీటర్లకీ మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత ఒత్తిడి ఇంకోటి కలుస్తుంది. ముప్పై మీటర్ల లోతులో నాలుగు రెట్లు. అంటే పీల్చే ఒక్కో ఊపిరికీ నాలుగు ఊపిర్ల గాలి ఖర్చవుతుంది. ఒడ్డున గంటన్నర పైన వచ్చే సిలిండరు అక్కడ అరగంట కూడా రాదు. రెండుంటే ఎక్కువసేపు ఉండొచ్చు, ఒక దాని మూత దగ్గర ఏదైనా తేడా వచ్చినా రెండోది ఆదుకుంటుంది."

అన్నట్టు, మీలో చాలామంది వాటిని ఆక్సిజన్ సిలిండర్లు అనుకుంటారు. నేనూ అనుకునేదాన్ని. మామూలుగా వాటిలో ఉండేది మనం పీల్చే గాలే. దాన్ని సుమారు రెండు వందల రెట్లు ఒత్తి నింపుతారు.

బరువు సంగతి అడిగాను. మనందరికీ తెలిసిన లెక్కే వచ్చింది. మన గ్యాసు బండ మీద 14.2 అని రాసి ఉంటుంది కదా, అది లోపలి గ్యాసు బరువు. మా అల్లుడుగారు వాడే అల్యూమినియం సిలిండరు ఖాళీగా ఉన్నప్పుడు ఇంచుమించు అంతే తూగుతుందట. పైన ఇత్తడి మూత, లోపల గాలి కలిపితే పదిహేడు కిలోలు దాటుతుంది. రెండయితే 35 కిలోల పైమాటే. మన వంటింట్లో నిండు బండ సుమారు 30 కిలోలు. అంటే నిండు గ్యాసు బండ కన్నా ఎక్కువ బరువు నేను కుట్టబోయే దారాల మీద వేళ్లాడుతుంది. పడవ ఊగుతుంటే, ఆయన నిచ్చెన పట్టుకుని పైకెక్కుతుంటే!

అప్పుడే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా అమ్మాయి ఏడాది పిల్లప్పుడు నా చేత్తోనే మందపాటి కాన్వాసు గుడ్డతో ఉయ్యాల కుట్టాను. గుడ్డ గట్టిదే. దారం మాత్రం మామూలు నూలు దారం. ఓ వానాకాలమంతా చెమ్మకి నాని, లోపల్లోపలే పుచ్చిపోయింది. పైకి కుట్టు చక్కగా కనిపిస్తూనే ఉంది. ఓ రోజు ఊపుతుంటే టపటపమని విడిపోయింది. పిల్ల కింద పడి కనుబొమ మీద చీరుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తల దువ్వినప్పుడల్లా నా కళ్లు దాని మీదకే పోతాయి. ఆ పిల్ల మొగుడే ఇప్పుడు నా ముందు కూర్చుని బెల్టు కుట్టమంటున్నాడు.

"బాబూ, నేనిది కుట్టలేను" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "పోనీలెండి అత్తయ్యగారూ, పండగ పూట మిమ్మల్ని శ్రమ పెట్టాను" అని లేచి వెళ్లిపోయారు. పెళ్లిలో అలకపాన్పు ఎక్కమంటే "నాకివన్నీ తెలియవు" అన్న మనిషి, ఇన్నేళ్లకి ఆ బాకీ తీర్చుకున్నారు. మధ్యాహ్నం బొబ్బట్టు ఒక్కటే తిన్నారు. మా వారు నా మీద కళ్లెర్రజేశారు. "ఊళ్లో వాళ్లందరికీ కుట్టిపెడతావు, ఇంటల్లుడికి కుట్టవా?" అని.

అలకంటే పర్వాలేదు, ఏదో ఒకటి పెట్టి తీర్చొచ్చు. కానీ సాయంత్రం మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి మెల్లిగా అంది.

"అమ్మా, నువ్వు కుట్టకపోతే ఆయన మానేస్తారనుకుంటున్నావా? పూర్ణా మార్కెట్ దగ్గర బ్యాగులు కుట్టే అతన్ని అడుగుతానంటున్నారు."

నా గుండెలో రాయి పడింది. చూశారా, కాదంటే నా పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. నేను కుట్టకపోతే ఇంకొకరు కుడతారు. అతనికి ఇది సంచీయో, నీళ్లలో ప్రాణమో తెలియదు. పాపం, అతని తప్పూ కాదు. కుట్టను అనడం కాదు, ఎందుకు కుట్టకూడదో ఆయన కళ్లతో ఆయనే చూడాలి.

అటక మీద మా వారి రైలు దిండు ఉంది. గాలి ఊదుకుని మెడ కింద పెట్టుకునేది. అదీ లోపల పూత పూసిన నైలాను బట్టే. దింపి, దులిపి, గాలి తీసేసి, మెషీనుకి పద్దెనిమిదో నంబరు సూది, గట్టి నైలాను దారం పెట్టి, దిండు మీద ఓ నైలాను పట్టీ ముక్క వేసి కుట్టాను. నా జీవితంలో అంత శ్రద్ధగా కుట్టలేదు. చదరంగా నాలుగు వైపులా, మధ్యలో మూల నుంచి మూలకి అడ్డంగా రెండు గీతలు. బరువు మోసే పట్టీలకి అలాగే కుట్టాలి.

"బాబూ, ఒక్కసారి ఇలా రండి" అని పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పిలిచాను. "ఈ పట్టీ లాగి చూడండి."

ఆయన రెండు చేతులా లాగారు. ఊడలేదు. "అద్భుతంగా ఉంది! మరి కుట్టలేనన్నారేం?" అన్నారు.

"ఇప్పుడు దిండులో గాలి ఊది తొట్టిలో ముంచండి."

ముంచారు. కుట్టు వెంబడే సన్నటి బుడగలు వరస కట్టి లేచాయి. సూది దిగిన ప్రతిచోటా ఒక బుడగ. ముత్యాల దండలాగా ఉంది చూడ్డానికి. ఆయన చేత్తో ఇంకా లోతుకి నొక్కారు. బుడగలు ఆగలేదు. కొద్దిసేపటికి దిండు చేతిలో మెత్తబడిపోయింది.

"బట్టకి సూది గుచ్చితే కన్నం దారంతో మూసుకుంటుందనుకుంటాం. మూసుకోదు బాబూ. నూలు బట్ట అయితే నీళ్లు తగిలి కాస్త ఉబ్బి పూడుకుంటుందేమో. పూత పూసిన బట్టలో పడిన కన్నం కన్నమే. నా కుట్టు ఎంత గట్టిదైతే మీ జాకెట్టుకి అన్ని కన్నాలు" అన్నాను.

ఆయన చాలాసేపు ఆ బుడగలకేసి చూస్తూ నిలబడ్డారు. మా అమ్మాయి ఏదో అనబోతే నేనే కళ్లతో వారించాను. అర్థమైన మనిషికి మళ్లీ చెప్పకూడదు.

అయితే కంప్యూటరు బుర్ర కదా, అంత తొందరగా ఊరుకుంటుందా? "సరే, కుట్టొద్దు. ఉన్న బెల్టునే పొడుగుది మార్చి రెండు సిలిండర్లనీ కలిపి కట్టేస్తే? కన్నం పడదు కదా" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. తెలియనప్పుడు తెలిసినవాళ్లని అడగాలి. విశాఖలో ఉన్నందుకు ఆ లోటు లేదు. ఆయనకి నేర్పే గురువుగారు నౌకాదళంలో డైవరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఫోను కలిపి, "మీరే మాట్లాడండి అత్తయ్యగారూ" అని నా చేతికిచ్చారు. ఆ మాట అన్నప్పుడే అలక సగం తీరిందని నాకు తెలిసింది.

గురువుగారు నా చేత లెక్క రాయించారు. పాల లెక్క పుస్తకం వెనక అట్ట మీద రాశాను, ఇప్పటికీ ఉంది. రెండు సిలిండర్లలో గాలి బరువు ఐదున్నర కిలోలు. గాలికి బరువేమిటని ఆశ్చర్యపోకండి. లీటరు గాలి గ్రాము పైన తూగుతుంది. ఒక్కో సిలిండర్లో రెండు వేల లీటర్లకి పైగా కుక్కి ఉంటుంది మరి. దిగేటప్పుడు ఆ బరువంతా ఉంటుంది, పీలుస్తున్నకొద్దీ కరిగిపోతుంది. ఒంటికి వేసుకునే రబ్బరు సూటు లోతులో ఒత్తిడికి నలిగి తేలే గుణం పోగొట్టుకుంటుంది. దానికో రెండు కిలోలు. రెండు సిలిండర్లనీ పట్టి ఉంచే స్టీలు పట్టాలూ వాటిని కలిపే గొట్టమూ మూడు కిలోలు. పైకి వచ్చాక తల నీటి పైన నిలబెట్టడానికి నాలుగున్నర. మొత్తం పదిహేను. జాకెట్టు లోపల చీటీ మీద ఎంతుందో చూడమన్నారు. పదహారు కిలోలు లేపగలదని ఉంది.

"సరిపోయిందిగా!" అన్నారు అల్లుడుగారు సంబరంగా.

"కాగితం మీద సరిపోయింది. రేపు ఈత కొలను దగ్గరికి రండి, అమ్మగారిని కూడా తీసుకురండి" అన్నారు గురువుగారు.

కనుమ నాడు ప్రయాణం చెయ్యకూడదంటారు, అందుకని ఆ మర్నాడు వెళ్లాం. చీరకట్టులో ఈత కొలను గట్టు మీద కూర్చున్నాను, ఒళ్లో అరిసెల డబ్బాతో. గురువుగారు పొడుగు బెల్టుతో రెండు సిలిండర్లనీ ఆ జాకెట్టుకే కట్టి, గాలి గొట్టం నోట్లో పెట్టించి, రొమ్ముల లోతు నీళ్లలోకి దింపారు. తను పక్కనే నిలబడి భుజం పట్టుకున్నారు.

అల్లుడుగారు నీళ్లలో బోర్లా పడుకోబోయారో లేదో, వీపు మీది సిలిండర్లు ఓ పక్కకి జారాయి. మనిషి గిర్రున వెల్లకిలా తిరిగిపోయారు. మళ్లీ బోర్లా తిరిగితే రెండో పక్కకి జారాయి. తిరగబడ్డ తాబేలు కాళ్లు కొట్టుకోవడం చూశారా మీరెప్పుడైనా? అచ్చం అలాగే. మా అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇదే ముప్పై మీటర్ల లోతులో అయితే?

పైకి లేచాక గురువుగారు వివరించారు. ఒక సిలిండరు వీపు మధ్యలో వెన్నెముకకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఒక్క బెల్టు చాలు. రెండైతే నడుమ ఆనుకునేది ఏమీ ఉండదు. రెంటినీ కింద ఒకటి, పైన ఒకటి స్టీలు పట్టాలతో బిగిస్తేనే కదలకుండా ఉంటాయి. పైగా చీటీ మీది పదహారు కిలోలు జాకెట్టు పూర్తిగా ఉబ్బినప్పటి మాట. వీపున రెండు సిలిండర్లు అదిమిపెడితే ఉబ్బాల్సిన చోట ఉబ్బదు, డొక్కల దగ్గర ఉబ్బి ఊపిరి ఆడనివ్వదు. ఇంకో తిరకాసు, అల్యూమినియం సిలిండరు నిండుగా ఉంటే మునుగుతుంది, ఖాళీ అయితే బిందెలా తేలుతుంది. చివర్లో ఒక్కొక్కటీ కిలో, కిలోన్నర పైకి లాగుతుంది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి రావాల్సిన మనిషిని ఆగనివ్వదు. అంటే ఆ జాకెట్టుతో మొదట్లో మునిగిపోతామని భయం, చివర్లో తేలిపోతామని భయం.

"కొన్ని జాకెట్లకి తయారు చేసేటప్పుడే రెండు సిలిండర్ల ఏర్పాటు ఉంటుంది. వాటితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటే చెయ్యొచ్చు. మీ దాంట్లో లేదు" అన్నారు.

తర్వాత ఆయన తన సరంజామా తెచ్చి తొడిగించారు. నేను దగ్గరికెళ్లి మరీ చూశాను. ఓ స్టీలు పలక, వీపుకి సరిపడా మధ్యలో మడత. సిలిండర్ల స్టీలు పట్టాల్లోంచి వచ్చే రెండు బోల్టులు ఆ పలక కన్నాల్లో దూరతాయి. ఆ రెండు బోల్టుల మధ్య దూరం పదకొండు అంగుళాలు. ఏ కంపెనీ పలకైనా దాదాపు అంతే కొలత ఉంచుతారట, మన జాకెట్టుకి హుక్కులూ కాజాలూ ఎదురెదురుగా కలిసినట్టు. పలకకీ సిలిండర్లకీ మధ్య, రెక్కలా విచ్చుకునే గాలితిత్తి. అది వీపు వెనకే ఉబ్బుతుంది, డొక్కల జోలికి రాదు. పలక స్టీలుది కాబట్టి ఆ బరువే చివర్లో తేలిపోకుండా పట్టి ఉంచుతుంది. నడుముకి విడిగా కట్టుకునే సీసం దిమ్మలు కొన్ని తగ్గించుకోవచ్చు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఏమిటో తెలుసా? భుజాలకీ నడుముకీ వేసిన పట్టీ. రెండంగుళాల వెడల్పు నైలాను పట్టీ, ఒకటే ముక్క. పలక కన్నాల్లోంచి దూరి, ఓ భుజం మీంచి వచ్చి, నడుము దగ్గర మళ్లీ దూరి, రెండో పక్కకీ అలాగే. ఎక్కడా కుట్టన్నది లేదు! తెగడానికి దారమే లేదు. ఇన్నేళ్లు కుట్టిన నాకు, కుట్టకపోవడంలో ఎంత తెలివుందో ఆ గట్టు మీద తెలిసింది.

ఈసారి అల్లుడుగారు నీళ్లలో బోర్లా పడుకుని కదలకుండా అలా నిలబడిపోయారు. చేతులు కట్టుకుని మరీ! అప్పుడు తెరిచాను అరిసెల డబ్బా.

కొత్త సరంజామా ఆయన వెంటనే కొనలేదు. ఆ ఏడాది అండమాన్ల ప్రయాణం ఒకటి మానుకుని డబ్బు దాచారు. రిక్షా ఖర్చుకి దాచినట్టు నేను దాచుకున్న కుట్టు డబ్బుల్లోంచి కొంత మా అమ్మాయి చేతిలో పెట్టాను, ఆయనకి చెప్పొద్దని. చెప్పకుండా ఉంటుందా అది! వేసవిలో పలకా, రెక్కా వచ్చాయి. ముందు నా దగ్గరికే తెచ్చారు. "కుట్టడానికేం లేదు కానీ, మీ చెయ్యి పడకుండా వేసుకోను" అన్నారు.

నేను చేసిన పనులు రెండు. పట్టీ చివర్లు ఆయన కొలతకి కత్తిరించి, పోగులు ఊడకుండా కొవ్వొత్తి మంటకి చూపించి, వేడి మీదే చెంచా వెనకతో అదిమాను. నైలానుకి కాజా కుట్టు కన్నా అది మేలు. రెండోది, మా వారి పాత స్కూటరు ట్యూబు కత్తెరతో గాజుల్లా కత్తిరించి ఇచ్చాను. గొట్టాలూ, టార్చిలైటు తాడూ వేళ్లాడకుండా పట్టీకి బిగించుకోవడానికి అంతకన్నా మంచిది లేదని గురువుగారే చెప్పారు. లక్ష రూపాయల సరంజామాకి నా చిల్లర రబ్బరు గాజులు!

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, మనలో ఎవరూ సముద్రంలో దూకబోవడం లేదని నాకు తెలుసు. కానీ ప్రాణం మోసే వస్తువులు మన ఇళ్లలోనూ ఉన్నాయి. కుక్కరు సేఫ్టీ వాల్వు పోతే ఏదో ఒకటి బిగించేస్తాం. గ్యాసు ట్యూబుకి చీలిక పడితే టేపు చుడతాం. పిల్లాడి హెల్మెట్టు పట్టీ తెగితే మనమే నాలుగు కుట్లు వేసేస్తాం. పడవ ఎక్కినప్పుడు ఇచ్చే లైఫ్ జాకెట్టు చిరిగి ఉన్నా మొహమాటపడి వేసుకుంటాం. చేతిలో పని ఉంది కదా అని, అడిగినవాళ్లు అయినవాళ్లు కదా అని అన్నిటి మీదా చెయ్యి వెయ్యకండి. వేయనన్నాక అక్కడితో వదిలెయ్యకండి. ఎందుకు వద్దో ఓ బకెట్టు నీళ్లలో ముంచి చూపించండి. మాట వినని మగవాళ్లు కూడా బుడగల్ని నమ్ముతారు.

కిందటి డిసెంబరులో అండమాన్ల నుంచి ఫోను వచ్చింది. వెనక గాలి హోరు, పడవ ఇంజను చప్పుడు.

"తేలాను అత్తయ్యగారూ!" అన్నారు.

"తిన్నారా బాబూ?" అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు.

పక్కింటి పిన్నిగారు మాత్రం ఇప్పటికీ వదలరు. ఎవరొచ్చినా నా మెషీను చూపించి చెప్తారు, "ఈవిడ ఊరందరికీ జాకెట్లు కుడుతుంది, ఒక్క అల్లుడికి తప్ప!" అని.